గ్యారేజీ నుంచి వచ్చాక బండి కింద చప్పుడా? సస్పెన్షన్ బిగింపు తప్పు పట్టుకోవడం, సరిచేయించుకోవడం ఎలా

"సెట్ అవుతుంది సార్. కొత్త సామాను కదా, ఓ నాలుగు రోజులు తిరగనివ్వండి."

ముందు షాకబ్జర్లు, లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద నుంచి బండి చట్రానికి కలిపే ఇనుప చేతులు) మార్పించుకుని బండి తెచ్చుకున్నాక మొదటి స్పీడ్ బ్రేకర్ మీదే చప్పుడొస్తే, గ్యారేజీలో చెప్పే మాట ఇది. నాకూ చెప్పారు. నాలుగు రోజులు కాదు, నలభై రోజులు తిప్పాను. చప్పుడు సెట్ అవలేదు, నేనే సెట్ అయ్యాను. పాటల సౌండు కాస్త పెంచి నడపడం అలవాటైపోయింది. చివరికి వీల్ అలైన్‌మెంట్ చేయించడానికి వెళ్తే అక్కడి పెద్దాయన టార్చి పట్టుకుని బండి కింది గుంతలోకి దిగి, పైకి వచ్చి ఒకే మాట అన్నాడు: "సామాను మంచిదే బాబూ. బిగించడమే గాల్లో బిగించారు."

ఆ మాటకి అర్థం ఏమిటో నాలుగో అంచెలో చెబుతాను. అసలు విషయం అదే. దానికంటే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఇంతకీ "సెట్ అవడం" పూర్తిగా అబద్ధం కాదు. కొత్త స్ప్రింగు, దాని కింది రబ్బరు సీటు కొద్ది మిల్లీమీటర్లు కుదురుకుంటాయి. కొత్త షాకబ్జరు మొదట్లో కాస్త గట్టిగా అనిపిస్తుంది. అంతవరకే. ఇనుము ఇనుముకి తగిలే చప్పుడు మాత్రం ఎన్ని రోజులు తిప్పినా పోదు. బోల్టు వదులుగా ఉంటే అది కూర్చున్న రంధ్రం రోజురోజుకీ అరుగుతుంది. ఈ వారం ఒక నట్టు బిగిస్తే పోయేదానికి వచ్చే నెల ఆర్మ్ కొనాల్సి వస్తుంది.

1. ముందు బండి నడపొచ్చో లేదో తేల్చుకోండి

చప్పుడు వేరు, ప్రమాదం వేరు. కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి కనిపించినా బండి అక్కడే ఆపేయండి. "గ్యారేజీ రెండు కిలోమీటర్లే కదా, మెల్లగా పోదాం" అనుకోవద్దు.

స్టీరింగ్ తిప్పుతుంటే మధ్యలో ఖాళీ తగలడం, అంటే మీరు తిప్పినా చక్రం ఒక క్షణం ఆలస్యంగా కదలడం. గుంతలో పడ్డప్పుడు టక్కుమనడంతో పాటు స్టీరింగ్ చేతిలో గుంజుకోవడం. బ్రేకు వేసిన ప్రతిసారీ బండి ఒక పక్కకు లాగడం. చక్రం ఊగుతున్నట్టు అనిపించడం. బ్రేకు గొట్టం టైరుకి గానీ రిమ్ముకి గానీ రాసుకున్న గుర్తు కనిపించడం.

వీటన్నిటిలో భయపడాల్సింది బాల్ జాయింట్. లోయర్ ఆర్మ్ చివర ఉండే ఈ జాయింటు బిగించిన బోల్టు ఊడితే చక్రం అడుగుభాగం బయటికి పోయి, బండి ముందు భాగం ఒక పక్కకు కూలబడుతుంది. కాలనీలో రివర్సు తీస్తుండగా జరిగితే అదృష్టం, హైవే మీద జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మీ ఇన్సూరెన్సులో రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూడండి. ఉంటే చక్రాలన్నీ పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండినే అడగండి. ముందు చక్రాలు ఎత్తి వెనక చక్రాల మీద లాక్కెళ్లినా పరవాలేదు గానీ, పాడైన ముందు చక్రం నేల మీద దొర్లకూడదు.

మరో పని ఇంట్లోనే చేయొచ్చు. డిక్కీలో స్టెప్నీతో పాటు వచ్చిన వీల్ స్పానర్ తీసి నాలుగు చక్రాల నట్లూ ఒకసారి బిగువు చూడండి. వరసగా కాకుండా ఎదురెదురుగా ఉన్నవి చూసుకుంటూ వెళ్లాలి. స్పానర్ మీద కాలు పెట్టి తొక్కొద్దు, చేతి బలం చాలు. నవ్వొస్తుందేమో గానీ, "సస్పెన్షన్ చప్పుడు" అని వెళ్లిన బండ్లలో కొన్నిటికి అసలు జబ్బు ఈ నట్లే. నట్లు బిగించే మెషిన్ గన్‌తో ఎక్కించి, బండి దించాక చేత్తో సరిచూడరు. చక్రం విప్పి బిగించాక ఒక యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసుకోవడం ఎలాగూ మంచి అలవాటే.

2. చప్పుడుని కాగితం మీద పెట్టండి

"ఏదో సౌండ్ వస్తోంది అన్నా" అని వెళ్తే, "మాకు వినపడట్లేదు సార్" అని పంపించేస్తారు. ఎప్పుడు, ఏ పక్క, ఎంత వేగంలో, ఏం చేస్తే వస్తోంది అన్నది రాసుకుని వెళ్లండి. పావుగంట పని. పక్క సీట్లో ఒకర్ని కూర్చోబెట్టుకుని ఫోన్‌లో వీడియో తీయిస్తే ఇంకా మంచిది. కిటికీ అద్దాలు దించి, ఏసీ ఆపి, గోడ పక్కన నెమ్మదిగా నడపండి. గోడకి తగిలి చప్పుడు బాగా వినిపిస్తుంది.

బండి కదలకుండా ఇంజను ఆన్‌లో ఉంచి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. మధ్యలో టంగుమని, బిగిసిన తీగ వదిలినట్టు చప్పుడొస్తే దృష్టి స్ట్రట్ (షాకబ్జరూ స్ప్రింగూ కలిసి ఉన్న భాగం) పైభాగం మీద పెట్టాలి. స్టీరింగ్ తిప్పినప్పుడు షాకబ్జరూ స్ప్రింగూ కలిసి తిరగాలి. అందుకోసమే పైన ఒక బేరింగ్ ఉంటుంది. దాన్ని తిరగేసి పెట్టినా, పాతది బిగుసుకుపోయి ఉన్నా, స్ప్రింగు కొస దాని గాడిలో కూర్చోకపోయినా, స్ప్రింగు మెలితిరిగి మెలితిరిగి ఒక్కసారిగా వదులుతుంది. ఇలాంటి బండికి మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడం కూడా బద్ధకంగా ఉంటుంది.

ఇంకో పరీక్ష స్పీడ్ బ్రేకర్ మీద. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటాల్సిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అలాంటిది మీ వీధిలో దొరకదు, సంక్రాంతికి ముందు ఎవరో సిమెంటు పోసి కట్టిన గట్టు లాంటిదే దొరుకుతుంది. అదీ పనికొస్తుంది. మొదటిసారి రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నిటారుగా దాటండి. రెండోసారి ఏటవాలుగా, ఒక చక్రం ముందు, ఇంకోటి తర్వాత ఎక్కేలా దాటండి. నిటారుగా దాటితే నిశ్శబ్దం, ఏటవాలుగా దాటితే లొడలొడ అంటే మొదటి అనుమానం లింక్ రాడ్ల మీదే, అంటే స్టెబిలైజర్ బార్‌ని (కుడి ఎడమ చక్రాలను కలిపే కడ్డీ) స్ట్రట్‌కి కలిపే చిన్న కడ్డీల మీదే. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు స్టెబిలైజర్ బార్ ఊరికే తిరుగుతుంది, లింక్ రాడ్ మీద పెద్దగా బరువు పడదు. ఒక్కటే లేచినప్పుడే బార్ మెలిపడి లింక్ రాడ్లను లాగుతుంది. వాటి నట్టు వదులుగా ఉంటే అప్పుడు బయటపడుతుంది. ఈ నట్టు బిగించేటప్పుడు లోపలి పిన్ను కూడా తిరిగిపోతుంటుంది. ఎలన్ కీతో పిన్నుని పట్టుకుని నట్టు తిప్పాలి. పట్టుకోకుండా గన్ పెడితే నట్టు బిగిసిందనుకుంటారు, అది తిరుగుతూనే ఉంటుంది తప్ప బిగియదు.

బ్రేకు వేయగానే ఒక్కసారి, రివర్సు తీస్తూ బ్రేకు వేయగానే మళ్లీ ఒక్కసారి టక్కుమంటే లోయర్ ఆర్మ్ బోల్టు వదులుగా ఉండొచ్చు. ఆర్మ్ ముందుకి, వెనక్కి జరుగుతోందన్నమాట.

పాత మంచం మీద కూర్చుంటే వచ్చే కిర్రు శబ్దం వస్తే రబ్బరు బుష్షుల వైపు చూడాలి (అవేమిటో నాలుగో అంచెలో ఉంది). నా బండిది ఈ చప్పుడుతో మొదలై తర్వాత టక్కు టక్కు అయింది.

వేగం పెరిగేకొద్దీ పెరిగే గుయ్యిమనే చప్పుడు మాత్రం సస్పెన్షన్‌ది కాకపోవచ్చు. వీల్ బేరింగ్ గానీ, టైరు అరుగుదల గానీ కావచ్చు. దాన్ని ఈ లెక్కలో కలపకండి, గ్యారేజీతో మాటల్లో మీ మాట తేలిపోతుంది.

3. కింద పడుకోకుండానే చూడగలిగినవి

ఒక హెచ్చరిక. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందకి చేయి గానీ తల గానీ పెట్టకండి. డిక్కీలో వచ్చే జాకీ టైరు మార్చుకోవడానికి మాత్రమే. అలాగే స్ట్రట్ నుంచి స్ప్రింగు విప్పే పని ఇంట్లో ముట్టుకోవద్దు. నొక్కి పట్టిన స్ప్రింగు జారితే మనిషి బతకడం కష్టం.

సమంగా ఉన్న చోట ఖాళీ బండి పెట్టి, నాలుగు టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉందో లేదో చూడండి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. తర్వాత టేపు తీసుకుని చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు దాకా నాలుగు పక్కలా కొలవండి. ముందు కుడి ఎడమల మధ్య కొద్ది మిల్లీమీటర్ల తేడా మామూలే. సెంటీమీటరు దాటితే అడగాల్సిందే. ఒక పక్క స్ప్రింగు సరిగ్గా కూర్చోలేదో, ఒక పక్క వేరే మోడల్ స్ప్రింగు వేశారో, బుష్షు మెలిపడి ఎత్తి పట్టుకుందో.

స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఫోన్ టార్చితో చక్రం వెనక చూడండి. ఫొటోలు తీసుకోండి, రెండు పక్కలా ఒకే కోణంలో. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే మెకానిక్ కాని వాడికి కూడా తేడా తెలుస్తుంది. స్ప్రింగు కింది కొస సీటులో ఉండే మెట్టుకి ఆనుకుని ఉందా? బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు వాటి క్లిప్పుల్లో కూర్చున్నాయా, వేలాడుతున్నాయా? చాలా బండ్లకు ముందు షాకబ్జర్లలో కుడిది వేరు, ఎడమది వేరు. తారుమారు చేస్తే గొట్టం పట్టుకునే కొక్కెం వెనక్కి ఉండాల్సింది ముందుకి వస్తుంది, గొట్టం అడ్డదిడ్డంగా లాగి కట్టినట్టు కనిపిస్తుంది. టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే కొస) నట్టుకి గాడులు ఉండి మధ్యలో రంధ్రం ఉంటే అందులో స్ప్లిట్ పిన్ను ఉండాలి. ఖాళీగా ఉంటే బిగించినవాడు మర్చిపోయాడు. అన్ని బండ్లకీ పిన్ను ఉండదు, కొన్నిటికి లోపల నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు వస్తుంది. పాత లాక్ నట్టునే తిరిగి వాడితే పట్టు ఉండదు.

ఇక బానెట్ ఎత్తి స్ట్రట్ పై టోపీ మీద అరచేయి ఆనించి, ఇంకొకరిని బండి ముందు మూలని కిందకి నొక్కి వదలమనండి. చేతికి టిక్కు టిక్కుమని తగిలితే పై నట్టో, మౌంటో వదులు. నొక్కి వదిలాక బండి ఒక ఊపు ఊగి ఆగాలి, ఉయ్యాలలా ఊగుతూ ఉండకూడదు.

షాకబ్జరు గొట్టం మీద నూనె తడి ఉంటే సామాను కొత్తదైనా సరే సీల్ పోయింది. పది రోజుల కొత్త షాకబ్జరు ఎందుకు కారుతుంది? పై నట్టు బిగించేటప్పుడు మధ్యలో మెరిసే రాడ్డు తిరిగిపోతుంటే దాన్ని పటకారుతో పట్టుకుంటారు. నునుపుగా ఉండాల్సిన రాడ్డు మీద గీత పడుతుంది. ఆ గీత సీల్‌లోంచి రోజూ లెక్కలేనన్నిసార్లు పైకీ కిందకీ తిరుగుతూ రంపంలా కోస్తుంది. అప్పుడు "కంపెనీ సామానే బాగోలేదు సార్" అంటారు. డస్ట్ కవరు పైకి లేపి రాడ్డు మీద పటకారు పళ్ల గుర్తులున్నాయేమో చూడమనండి. డస్ట్ కవరే లేకపోతే అది ఇంకో తప్పు. పాత కవరు, లోపలి బంప్ స్టాపర్ (షాకబ్జరు పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ ఆపే ముక్క) చిరిగిపోయాయని పారేసి, కొత్తవి వేయకుండానే బిగించేసే చోట్లు ఉన్నాయి. రెండూ కలిపి కొన్ని వందల రూపాయల సామాను. అవి లేకపోతే వేల రూపాయల షాకబ్జరు దుమ్ముకి పోతుంది.

4. "గాల్లో బిగించారు" అంటే

లోయర్ ఆర్మ్‌ని బండి చట్రానికి కలిపే చోట రబ్బరు బుష్షు ఉంటుంది. బయట ఇనుప గొట్టం, లోపల సన్న ఇనుప గొట్టం, మధ్యలో రెండిటికీ అంటుకుపోయిన రబ్బరు. బోల్టు బిగించినప్పుడు లోపలి గొట్టం చట్రానికి బిగుసుకుపోతుంది. చక్రం పైకీ కిందకీ ఆడినప్పుడు తలుపు బందులా ఏదీ జారి తిరగదు, రబ్బరే మెలిపడి మళ్లీ వెనక్కి వస్తుంది. అది అలా పనిచేయడానికే పుట్టింది.

ఇప్పుడు గ్యారేజీలో జరిగేది చూడండి. బండిని లిఫ్టు మీద ఎత్తుతారు. చక్రాలు కిందకి వేలాడతాయి, ఆర్మ్‌లు కిందకి వాలి ఉంటాయి. ఆ స్థితిలోనే బోల్టు పూర్తిగా బిగించేస్తారు. రబ్బరుకి "ఇదే నీ మామూలు స్థితి" అని చెప్పినట్టు. బండి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది. బండి ఇంటి ముందు కదలకుండా నిలబడి ఉన్నా సరే, ఆ రబ్బరు రాత్రంతా పిండిన గుడ్డలా మెలితిరిగే ఉంటుంది. మీరు గుంతలో పడేసరికి ఇంకా మెలిపడాలి. ఏళ్ల తరబడి రావాల్సిన బుష్షు కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. చిరగకముందు కిర్రుమంటుంది, బండి ఒకింత ఎత్తుగా, బిగుసుకుపోయినట్టు ఉంటుంది. "కొత్త సామాను కదా గట్టిగా ఉంది" అని మనమూ సంతోషిస్తాం.

అంటే సామాను అసలుదే, మనిషి పని వచ్చినవాడే, బిల్లు నిజమైనదే. ఒక్క బోల్టు ఏ సమయంలో బిగించారన్నదే తేడా. కార్ల కంపెనీల సర్వీసు పుస్తకాల్లో ఇలాంటి బోల్టులకు రాసేది ఇదే: ముందు వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాక పూర్తిగా బిగించాలి. వెనక యాక్సిల్ బుష్షులకీ, వెనక షాకబ్జరు కింది బుష్షుకీ ఇదే సూత్రం. బాల్ జాయింటు, టై రాడ్ ఎండ్ లాంటివాటికి ఈ గొడవ లేదు, అవి తిరగడానికే చేసినవి.

బిగింపు ఇలా జరిగిందని ఎలా తెలుసుకోవాలి? చూసి చెప్పడం కష్టం. అడిగి తెలుసుకోవడమే. "ఆర్మ్ బోల్టులు ఫైనల్ టైట్ లిఫ్టు మీదే ఇచ్చారా, కింద దించాక ఇచ్చారా?" అని మామూలుగా అడగండి. ప్రశ్న అర్థం కానట్టు ముఖం పెడితే మీకు జవాబు వచ్చేసినట్టే.

సరిచేయడం సులువు, కొత్త సామాను అక్కర్లేదు. రబ్బరు ఇంకా చిరగలేదని టార్చి వేసి చూశాక, బండిని చక్రాల మీదే నిలబెట్టి ఆర్మ్ బోల్టులు వదులు చేయాలి. వదులు చేయగానే ఒక్కోసారి బుష్షు టక్కున తిరిగి తన చోటుకి వస్తుంది, ఆ చప్పుడు మీకే వినపడుతుంది. బండి ముందు, వెనక భాగాల్ని నాలుగైదుసార్లు నొక్కి వదిలి, కుదురుకున్నాక, టార్క్ రెంచితో (ఎంత బిగువు వచ్చిందో తెలిపే స్పానర్) కంపెనీ చెప్పిన బిగువుకి బిగించాలి. ఒకసారి వాడాక మార్చేయాల్సిన నట్లు, బోల్టులు కొన్ని బండ్లకు ఉంటాయి, అవి మార్చాలి.

ఇందుకు సరైన చోటు వీల్ అలైన్‌మెంట్ షాపు. అక్కడ గుంత గానీ, చక్రాలు ఆనే ర్యాంపు గానీ ఉంటుంది. బండి తన బరువు మీద తాను నిలబడి ఉంటుంది, కింద మనిషి నిలబడే చోటూ ఉంటుంది. గుంత లేని గ్యారేజీలో అయితే లిఫ్టు మీద ఉండగానే ఇంకో జాకీతో ఆర్మ్‌ని కింద నుంచి ఎత్తి, మూడో అంచెలో కొలిచిన ఫెండర్ ఎత్తు వచ్చేదాకా లేపి బిగించొచ్చు. మీరు రాసిపెట్టుకున్న ఆ కొలత ఇక్కడ పనికొస్తుంది.

5. అలైన్‌మెంట్ చివర్లోనే

స్ట్రట్, లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్ వీటిలో ఏది విప్పినా చక్రాల కోణాలు మారతాయి. చాలా చిన్న కార్లలో స్ట్రట్‌ని చక్రం మూలకి కలిపే రెండు బోల్టుల రంధ్రాల్లో ఉండే కాస్త ఖాళీయే క్యాంబర్‌ని, అంటే చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణాన్ని, మార్చేయడానికి చాలు. అయినా బిగింపు తప్పు సరిచేయించకుండా అలైన్‌మెంట్ చేయిస్తే ఆ డబ్బులు దండగ. ముందు బోల్టుల సంగతి, తర్వాతే కంప్యూటరు.

అలైన్‌మెంట్‌కి ముందు రీడింగు, తర్వాతి రీడింగు రెండూ ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి. టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేస్తారు. క్యాంబర్ కుడి ఎడమల మధ్య బాగా తేడా ఉంటే, ఎర్రగా చూపిస్తున్నా "ఈ బండికి అడ్జస్ట్‌మెంట్ లేదు సార్" అని వదిలేస్తారు. నిజంగానే అడ్జస్ట్‌మెంట్ ఉండకపోవచ్చు. కానీ గ్యారేజీకి వెళ్లకముందు లేని తేడా ఇప్పుడెందుకు వచ్చిందన్నది మీ ప్రశ్న. ఆ ప్రింటే సాక్ష్యం. పట్టించుకోకపోతే టైరు లోపలి అంచు గుండు కొట్టించినట్టు అరిగిపోతుంది. బయట నుంచి చూస్తే కనపడదు కూడా.

6. గ్యారేజీకి తిరిగి వెళ్లడం

సాయంత్రం వెళ్లకండి. అప్పుడు అందరూ బండ్లు అప్పగించే హడావిడిలో ఉంటారు. పొద్దున్నే వెళ్లి, మీ బండి చేసిన మనిషినే అడగండి. బిల్లు, జాబ్ కార్డు, ఫొటోలు, ఎత్తు కొలతలు, చప్పుడు రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి.

కోపం ఉంటుంది, నాకూ ఉండింది. "బండి పాడు చేశారు" అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది. ఓనరు ముందు పనివాడి పరువు తీస్తే వాడు తప్పు ఒప్పుకోడు, ఒప్పుకోవాలని ఉన్నా ఒప్పుకోలేడు. "అన్నా, ఒక్క రౌండ్ నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటా" అనండి. ఏటవాలుగా స్పీడ్ బ్రేకర్ దాటించండి. చప్పుడు వాడి చెవిన పడ్డాక ఇక వాదన ఉండదు.

తర్వాత అడిగేది సూటిగా ఉండాలి. "చెక్ చేయండి" అంటే పైపైన చూసి, "అంతా ఓకే" అంటారు. "ఆర్మ్ బోల్టులు లూజ్ చేసి, బండి కింద నిలబెట్టి మళ్లీ టైట్ చేయండి. లింక్ రాడ్ నట్లు ఎలన్ కీ పెట్టి చూడండి. స్ప్రింగు కొస సీటులో ఉందో లేదో నాకు చూపించండి." మూడే పనులు. జాబ్ కార్డు మీద ఇవే మాటలు రాయించండి.

మెత్తగా అడిగితే పది మందిలో ఏడెనిమిది మంది చేసేస్తారని నా అనుభవం. విజయవాడ ఆటోనగర్‌లో అయినా, హైదరాబాద్ కాలనీ గ్యారేజీలో అయినా, మళ్లీ వచ్చే గిరాకీని పోగొట్టుకోవాలని ఎవరికీ ఉండదు.

మీరు పని చేయించిన చోటుకి వెళ్లకుండా నేరుగా ఇంకో గ్యారేజీలో విప్పించకండి. రెండోవాడు విప్పగానే మొదటివాడు, "వాళ్లే చెడగొట్టారు" అంటాడు. తప్పనిసరైతే విప్పే ముందు ఫొటోలు, వీడియో తీసి, ఏ తప్పు కనిపించిందో రెండో గ్యారేజీ లెటర్‌హెడ్ మీద గానీ బిల్లు మీద గానీ రాయించుకోండి.

7. ససేమిరా అంటే

ముందు రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్ మెసేజ్ కూడా రాతే: ఏ తేదీన ఏ పని, ఎంత కట్టారు, ఏం తప్పు, ఎన్ని రోజుల్లో సరిచేయాలి. కంపెనీ సర్వీసు సెంటరైతే కంపెనీ కస్టమర్ కేర్‌కి కూడా అదే పంపండి. ఆపైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.

అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. సేవలో లోపం కూడా దాని కిందకే వస్తుంది. మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకి ఫీజు లేదు. గ్యారేజీ ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉంటున్న ఊళ్లోనే వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. లాయరు తప్పనిసరి కాదు. బిల్లు లేకుండా నగదు ఇచ్చి ఉంటే మాత్రం నిరూపించడం కష్టమవుతుంది. యూపీఐతో కట్టి ఉంటే ఆ రికార్డన్నా ఉంటుంది. జీఎస్టీ మిగులుతుందని బిల్లు వద్దన్నవాళ్లు ఇక్కడ చిక్కుపడతారు, ఒకప్పుడు నేనూ అలా అన్నవాణ్ణే.

లెక్క వేసుకోండి. మళ్లీ బిగించడానికి అయ్యేది వెయ్యి, రెండు వేలు అయితే, నేనైతే అలైన్‌మెంట్ షాపులో కట్టి చేయించుకుని ఆ గ్యారేజీకి దండం పెడతాను. తప్పు బిగింపు వల్ల ఆర్మ్‌లు, షాకబ్జర్లు, టైర్లు పోయి బిల్లు పాతిక వేలు దాటితే వదలను.

8. సరిచేశాక

అదే స్పీడ్ బ్రేకర్, అదే ఏటవాలు, అదే గోడ పక్క సందు. మళ్లీ టేపు పెట్టి నాలుగు పక్కలా కొలవండి. నా బండి ముందు భాగం బోల్టులు వదిలి మళ్లీ బిగించాక ఎనిమిది మిల్లీమీటర్లు దిగింది, కిర్రు శబ్దం ఆ రోజే పోయింది. ఒక పక్క బుష్షు మాత్రం నలభై రోజుల్లోనే చిరిగింది. దాన్ని మార్చేటప్పుడు గుంత పక్కన నిలబడి చూశాను. కొత్త బుష్షు బోల్టుని చేత్తో ఎక్కించి వదిలేసి, బండి దించి, ముందు భాగం మీద ఇద్దరు కుర్రాళ్లు నొక్కి ఊపాక, పెద్దాయన కిందకి దిగి టార్క్ రెంచి తిప్పాడు. మూడు నిమిషాలు పట్టింది.

ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు, లింక్ రాడ్ నట్లు మరోసారి చూపించుకోండి. ఈసారి మార్పించుకునేటప్పుడు పాత సామాను డిక్కీలో వేయమని ముందే చెప్పండి.